పాలచక్కెర తెచ్చిన వివాదము

పాలయందలి తీపికి కారణమైన పదార్థమును లాక్టోజు, అనగా పాలచక్కెర, యందురు. పసిబిడ్డ యెరిగిన మొదటి తీపి యదియే. తోడు పెట్టిన పాలు పులియుటకును అదియే మూలము. ఇంత సామాన్యమైన వస్తువును పట్టుకొని ఇరువదవ శతాబ్దమున ప్యారిస్ నగరమునందొక పెద్ద ప్రశ్న పుట్టినది. జీవకణమునకు క్రొత్త యాహారము దొరికినప్పుడు దానిని జీర్ణించుకొను విద్యను ఆ యాహారమే కణమునకు నేర్పునా? లేక ఆ విద్య కణమునందు ముందే యుండి, యేదో యొక యడ్డు తొలగుటచే బయల్పడునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినవారు తుదకు డీ.ఎన్.ఏ.ను పట్టుకొని కూర్చుండు మాంసకృత్తుల జాడ తీసిరి. ఆ కథను మా చదువరులకు చెప్ప దలచితిమి.

1940 సంవత్సరమున ప్యారిస్ జర్మనుల వశమైయుండెను. సొర్బాన్ విశ్వవిద్యాలయమున ఝాక్ మొనో యనునతడు, మనుష్యుల ప్రేగులలో కాపురముండు ఈ. కోలి యను సూక్ష్మజీవిని పెంచి, దాని వృద్ధిని కొలుచుచుండెను. ఒకే పాత్రలో గ్లూకోజును పాలచక్కెరను కలిపి పెట్టగా, ఆ జీవులు మొదట గ్లూకోజును మాత్రమే తిని పెరిగెను. అది యైపోగానే కొంతసేపు పెరుగుదల నిలిచిపోయెను. పిమ్మట పాలచక్కెరతో మరల సాగెను. కాగితముపై గీచిన వృద్ధిరేఖ రెండు మెట్లుగా కనబడెను. మొనో దీనిని పాస్టర్ సంస్థలోని ఆంద్రే ల్వోఫ్‌నకు చూపెను. ఇది "ఎంజైముల యనుసరణ"కు సంబంధించిన సంగతి కావచ్చునని ల్వోఫ్ చెప్పగా, ఆ మాటయే తాను విని యుండలేదని మొనో యొప్పుకొనెను. తెలియదని యొప్పుకొనుటలో సిగ్గుపడని వారికే ఇట్టి విషయములు చిక్కునని మాకు తోచును.

ఎంజైమనగా కణములోని రసాయనకార్యమును త్వరపరచు మాంసకృత్తు. పాలచక్కెరను రెండుగా చీల్చు ఎంజైము, ఆ చక్కెర లేనప్పుడు కణములో నామమాత్రముగా నుండును. చక్కెర వచ్చినంతనే సుమారు వేయిరెట్లు పెరుగును. పూర్వులు దీనిని "అనుసరణ" యనిరి. చక్కెరయే యచ్చువలె నిలిచి, తనకు తగిన ఎంజైమును పోతపోయుచున్నదని పెక్కురు భావించిరి. అప్పుడు చక్కెర గురువు, కణము శిష్యుడు.

మాట చిన్నదే గాని, అప్పటి కాలమున దాని నీడ పెద్దది. 1948 ఆగస్టులో సోవియట్ ప్రభుత్వము లైసెంకో మతమునకు సంపూర్ణ రాజాదరణ మిచ్చెను. జన్యువులు కల్ల, పరిసరములే సంతతి స్వభావమును మలచునని యతని వాదము. దానిని కాదన్న పండితులకు ఉద్యోగములు పోయినవి. గోధుమల పుట్టుపూర్వోత్తరములు శోధించిన వవిలోవ్ అంతకుముందే, 1943లో, సరాటవ్ చెరసాలలో మరణించియుండెను. యుద్ధకాలమున జర్మనులకు వ్యతిరేకముగ రహస్యదళములలో పనిచేయుచు కమ్యూనిస్టు పక్షమున చేరిన మొనో, 1948 సెప్టెంబరులో "కొంబా" పత్రికయందు లైసెంకోను బహిరంగముగ ఖండించెను. పాలచక్కెర ఎంజైమును నేర్పుచున్నదన్న, ఆ మతమునకు ప్రయోగశాలయందే యాసరా దొరకినట్లగును. కావున సూక్ష్మజీవి విషయమై తీర్పు చెప్పుట కేవలము సూక్ష్మజీవి విషయమై చెప్పుట కాకపోయెను.

తీర్పు వాదముచే రాలేదు, ప్రయోగముచే వచ్చెను. 1951 ప్రాంతమున మొనో, జెర్మేన్ కొహెన్-బాజీర్ అను శాస్త్రవేత్రి, మెల్విన్ కోన్ మువ్వురును పాలచక్కెరను పోలిన కృత్రిమ పదార్థములతో పరీక్షించిరి. ఎంజైము చీల్చలేని పదార్థములు కొన్ని దానిని విస్తారముగ పుట్టించెను. అది సులభముగ చీల్చు పదార్థములు కొన్ని పుట్టించనే లేదు. అచ్చునకును పోతకును పోలిక లేనప్పుడు అచ్చు సిద్ధాంతమేమి నిలుచును? మరియు జన్యువు చెడిన కొన్ని సూక్ష్మజీవులు, చక్కెర వాసనయైన లేకయే, ఎడతెగక ఆ ఎంజైమును చేయుచుండెను. గురువు లేకయే శిష్యుడు పాఠము నప్పగించుచున్నాడన్నమాట. 1953లో మొనో, కోన్‌లును తోడివారును కలిసి "అనుసరణ" యను మాటను విడిచి "ప్రేరణ" యను మాటను వాడుదమని ప్రకటించిరి.

ఇక ఫ్రాన్స్వా జాకోబ్. శస్త్రవైద్యుడు కాగోరి చదువుచుండగా 1940లో దేశము పడిపోవుటతో ఇంగ్లండునకు పోయి స్వతంత్ర ఫ్రెంచి సేనలో చేరెను. 1944లో నార్మండీయందు తీవ్రముగ గాయపడెను. శస్త్రము పట్టు ఆశ యంతటితో పోయినది. 1950లో ల్వోఫ్ ప్రయోగశాలలో చేరి, సూక్ష్మజీవుల లోపల నిద్రాణముగ దాగియుండు వైరసులను పరిశోధింప సాగెను.

అమెరికానుండి వచ్చిన ఆర్థర్ పార్డీతో కలిసి జాకోబ్, మొనోలు 1957-58లో చేసిన ప్రయోగము చాల చక్కనిది. సూక్ష్మజీవులలో కొన్ని తమ జన్యువులను మరియొక జీవిలోనికి పంపగలవు. ఎంజైమును చేయు జన్యువును, దానిని అదుపులో నుంచు జన్యువును, రెండును చెడిన జీవిలోనికి ఆ రెంటి మంచి ప్రతులను పంపిరి. చక్కెర నేమియు వేయలేదు. నిమిషములలో ఎంజైము పుట్టనారంభించెను. రెండు గంటలు కావచ్చునప్పటికి ఆగిపోయెను. చక్కెరను పోలిన పదార్థము వేసిన మరల సాగెను. దీని యర్థమేమి? అదుపు జన్యువు మెల్లమెల్లగా నేదో యొక నిషేధకమును తయారుచేసి కణములోనికి విడుచుచున్నది. అది చాలినంత పోగగువరకే ఎంజైమునకు స్వేచ్ఛ. చెడిన జన్యువు గల జీవులు లోలోపల నొక ప్రేరకమును చేసికొనుచున్నవని మొనో యంతవరకు నమ్మియుండెను. భౌతికశాస్త్రవేత్త లియో జిలార్డ్ నిషేధపక్షమున వాదించియుండెను. మొనో తన యభిప్రాయమును విడిచిపెట్టెను.

1958 జూలైలో నొకనాడు జాకోబ్ భార్యతో సినిమాకు పోయి, బొమ్మపై మనసు నిలుపలేక కూర్చుండగా, తన నిద్రాణ వైరసును మొనోగారి పాలచక్కెరయు నొకటే కథయని యతనికి స్ఫురించెనట. రెండు చోట్లను నిషేధక మొకటి నేరుగ డీ.ఎన్.ఏ.పైననే కూర్చుండి జన్యువులను మూయుచున్నది. 1961లో జాకోబ్, మొనోలు ఈ సిద్ధాంతమును సమగ్రముగ ప్రకటించిరి. చక్కెర ఏమియు నేర్పదు. నిషేధకమును తొలగించును, అంతే. 1965లో వారిరువురకును ల్వోఫ్‌నకును నోబెలు బహుమాన మిచ్చిరి. అయితే నిషేధకము ఆర్.ఎన్.ఏ. కావచ్చునని వారు మొదట నూహించిరి. అది తప్పు. బహుమాన మిచ్చునాటికి దానిని చేతబట్టి చూచినవారును లేరు.

చేతబట్టుట హార్వర్డులో జరిగెను. భౌతికశాస్త్రమునుండి వచ్చిన వాల్టర్ గిల్బర్ట్, జర్మను దేశీయుడైన బెన్నో ముల్లర్‌హిల్ అను వా రిరువురు 1966లో దానిని వేరుచేసిరి. ఒక్కొక్క జన్యువునకు సుమారు పది నిషేధక కణికలే యుండుటచేత అది గడ్డివాములో సూదిని వెదకు పనియయ్యెను. చక్కెరను పోలిన పదార్థమునకు రేడియోధార్మికత కల్పించి, పలుచని పొరసంచిలో సూక్ష్మజీవుల సారముంచి, సంచి వెలుపలికంటె లోపల ధార్మికత రవంత యెక్కువ నిలుచుచున్నదా యని కనిపెట్టిరి. నిలిచినది. పరీక్షింపగా మాంసకృత్తని తేలినది. ఆ విశ్వవిద్యాలయముననే మార్క్ టాష్నె అను యువకుడు పంతముతో లాంబ్డా వైరసు నిషేధకమును వేరుచేసి, 1967లో అది డీ.ఎన్.ఏ.కు అంటుకొనుటను చూపెను. గిల్బర్ట్, ముల్లర్‌హిల్లులును తమదానిని అట్లే చూపిరి. చక్కెరను పోలిన పదార్థము వేయగానే మాంసకృత్తు డీ.ఎన్.ఏ.ను విడిచెను.

అంటుకొనుట యెట్లు? డీ.ఎన్.ఏ. రెండు పేటలు పేనిన త్రాడువంటిది. పేటల నడుమ గాడు లుండును. నాలుగు రసాయనాక్షరముల జంటలు లోపల నున్నను, వాని యంచులు గాడులలోనికి కనబడుచుండును. ఒక్కొక్క జంట యంచు ఒక్కొక్క తీరున నుండును. మాంసకృత్తులోని యొక చిన్న మెలిక వెడల్పు గాడిలో నిమిడి, ఆ యంచులను తడవి చూచును. త్రాడు విప్ప నక్కరలేదు. తాళపత్రముల కట్టను విప్పకయే యంచులు తడవి చదివినట్లు. ఇట్టి మెలికలను 1981లో స్ఫటికచిత్రములలో కన్నులార చూచిరి. నిషేధకము పట్టుకొను తావును గిల్బర్టును మాక్సాముమును 1973లో అక్షరాక్షరము చదువగా, ఇరువది నాలుగు జంటలు తేలినవి. ఒక పేటను ఈ కొసనుండియు, ఎదుటి పేటను ఆ కొసనుండియు చదివిన చాలవరకు నొకే వరుస వచ్చును. మన "వికటకవి"కి దూరపు బంధువని చెప్పవచ్చును. మాంసకృత్తును జంటలుగా కూడియుండుటచే, రెండు చేతులతో నొకేమారు పట్టుకొనును. చక్కెర రూపాంతర మొకటి దాని వేరొక గుంటలో చేరగానే ఆకారము మారి, చేతులు సడలును.

ఇందొక చమత్కారము గలదు. తాళము తీయునది పాలచక్కెర కాదు, దానినుండి పుట్టిన అల్లోలాక్టోజు. దానిని పుట్టించునదియు ఆ ఎంజైమే! కావున తలుపు మూసియున్నప్పుడు సైతము లోపల నాలుగు ఎంజైము కణికలు లేనిచో తలుపెన్నటికిని తెరువబడదు. నిషేధము సంపూర్ణము కాకపోవుటయే దానికి ప్రయోజనము.

ప్యారిస్ వారును పొరబడిన చోటొకటి గలదు. నియమనమంతయు నిషేధమేయని వారు నమ్మిరి. అరబినోజు చక్కెర విషయమున జన్యువును ప్రోత్సహించు మాంసకృత్తు కలదని ఎల్లిస్ ఎంగిల్స్‌బర్గ్ 1965లో చెప్పగా, పెక్కురు చాలకాలము సందేహించిరి. లైసెంకోను ధిక్కరించినవారి సిద్ధాంతమే యిట్లు మరియొకరికి గోడ యగుట మాకు విచారకరముగ నున్నది. అయినను ఇక్కడ నెవ్వరును చెరసాలకు పోలేదు. ఎంగిల్స్‌బర్గ్ మాటయే నిలిచినది. పాలచక్కెర జన్యువులకును ప్రోత్సాహక మాంసకృత్తొకటి కలదు. గ్లూకోజున్నంతవరకు దాని బలము తగ్గియుండును, పాలచక్కెర లోనికి వచ్చుటయు నరికట్టబడును. 1940 నాటి రేఖలోని రెండు మెట్ల నడుమ విరామమునకు కారణ మిట్లు తేలినది.

ఇంకొక చిక్కు: నలువది యారు లక్షల జంటలలో ఆ ఇరువది నాలుగింటిని నిషేధకము వెదకుకొనుటెట్లు? 1970లో రిగ్స్, సుజాన్ బూర్జ్వా, కోన్ కొలిచి చూడగా, యాదృచ్ఛికముగ తిరుగాడి తగులుకొనుటకు పట్టవలసిన కాలముకంటె శీఘ్రముగ నది చేరుచున్నట్లు కనబడెను. త్రాటిపై కొంతదూరము జారుచు, విడిచి గెంతుచు, మరల జారుచు పోవునని తరువాతివారు చెప్పిరి. సజీవకణములో జారుటను 2012లో చూడగలిగిరి.

మన యిండ్లలోని పాలకును ఈ కథకును సంబంధము లేకపోలేదు. పసితనమున పాలచక్కెరను జీర్ణించు ఎంజైము మనుష్యులలో దాదాపు అందరికిని ఉండును. పెరిగినకొలది చాలమందిలో నది తగ్గిపోవును, కొందరిలో నిలుచును. ఆ జన్యువునకు సుమారు 13,910 అక్షరముల దూరమున, పొరుగు జన్యువు లోపల, ఒక్క యక్షరము మారియున్నవారికి అది నిలుచునని 2002లో ఫిన్లండు పరిశోధకులు కనుగొనిరి. ఆ యక్షరము మారిన చోట నొక మాంసకృత్తు గట్టిగ పట్టుకొనును. మనదేశమున ఆ మార్పు వాయవ్యమున నెక్కువ, దక్షిణమునకు తూర్పునకు రాగా తక్కువ. మన తెలుగు కుటుంబములలో పాలు త్రాగిన కడుపుబ్బరించు పెద్దవారు పెక్కు రుండుటకు ఇది యొక కారణము. "అలవాటు చేసికొన్న నదే యరుగును" అని బలవంతముగ గ్లాసు చేతికిచ్చుట మా యింటను జరిగినదే. దినదినము త్రాగించుటచే ప్రేగులలోని సూక్ష్మజీవులు కొంత మారవచ్చును గాని, ఆ ఎంజైము మరల పుట్టదు. పెరుగున నట్లు కాదు; తోడులోని జీవులు పాలచక్కెరలో కొంత భాగమును ముందే పులియబెట్టి యుంచును. పాలు సరిపడని మా మేనత్తగారు ఎనుబది యేండ్ల వరకును మజ్జిగ మానలేదు.