28 లక్షల పేర్లు: ప్రభుత్వ బాధ్యతకూ పౌరుడి బాధ్యతకూ ఒక ఉదాహరణ

పోయిన వారం రాసిన మెయిన్స్ టెస్ట్‌లో ఒక ప్రశ్న వచ్చింది: "ప్రభుత్వ బాధ్యతలు, పౌరుల బాధ్యతలు నాణేనికి బొమ్మాబొరుసు లాంటివి. చర్చించండి." తెలిసిన ప్రశ్నే కదా అని పెన్ను ఆపకుండా రాసేశాను. నాలుగో భాగంలో ఆదేశిక సూత్రాలు, 1976లో 42వ సవరణ, స్వరణ్ సింగ్ కమిటీ, 51-ఎ అధికరణ, 2002లో 86వ సవరణతో చేరిన 11వ విధి, అన్నీ వరుసగా దింపాను. పేపర్ దిద్దిన సార్ మార్జిన్‌లో రెండే మాటలు రాశారు: "ఉదాహరణ ఏది?"

నిజమే. అధికరణల నంబర్లు రాశాను కానీ ఆ రెండు బాధ్యతలు ఎక్కడ కలుస్తాయో ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆ రాత్రి మళ్లీ పుస్తకాలు తీస్తే నాకు దొరికిన ఉదాహరణ మన మొదటి సార్వత్రిక ఎన్నికలు. ఈసారి ఆ ప్రశ్న వస్తే నేను రాయబోయే జవాబు ఇదీ.

మొదటి అడుగు ఎవరు వేయాలి?

1935 చట్టం కింద ప్రావిన్సుల్లో ఓటు హక్కు ఉన్నవాళ్లు జనాభాలో పది శాతం కంటే కాస్త ఎక్కువ. ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలు ఉంటేనే ఓటు. స్వతంత్ర భారతం ఆ అర్హతలన్నీ తీసేసి, 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు ఇచ్చింది. అప్పటి 326వ అధికరణ ఇదే. రాయడానికి ఒక్క వాక్యం. అమలు చేయడానికి మాత్రం 17 కోట్ల 30 లక్షల మంది పేర్లు కాగితం మీదికి ఎక్కాలి. వాళ్లలో దాదాపు 85 శాతం మందికి చదువు రాదు. పైగా దేశం అప్పుడే రెండు ముక్కలై, లక్షల మంది శరణార్థి శిబిరాల్లో ఉన్నారు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఓటర్ల జాబితా పని రాజ్యాంగం అమల్లోకి రాకముందే మొదలైంది. రాజ్యాంగ సభ సచివాలయం 1948లోనే ప్రావిన్సులకూ సంస్థానాలకూ సూచనలు పంపింది. శరణార్థులకు ఊళ్లో ఇన్ని రోజులు ఉండాలన్న నిబంధన అడ్డొస్తుందని తెలిసి, "నేను ఇక్కడే స్థిరపడతాను" అని వాళ్లు ప్రకటిస్తే చాలు, పేరు రాసుకోమంది. ఇల్లు పోగొట్టుకున్నవాణ్ణి ముందు ఇంటి పత్రం తెమ్మనలేదు.

1950 మార్చిలో సుకుమార్ సేన్ మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ అయ్యారు. చదువు రానివాళ్లు ఓటు వేయాలంటే ఎలా? ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఓటరు తన బ్యాలెట్ కాగితాన్ని నచ్చిన గుర్తున్న పెట్టెలో వేస్తే సరిపోయింది. ఇందుకోసం దాదాపు 20 లక్షల ఉక్కు పెట్టెలు తయారయ్యాయి. జాబితాలు టైపు చేయడానికే 16,500 మంది గుమాస్తాలను ఆరు నెలల కాంట్రాక్టు మీద తీసుకున్నారు. పరదా పాటించే చోట ఇబ్బంది రాకూడదని 27,527 బూత్‌లను ఆడవాళ్ల కోసమే కేటాయించారు. చదువు లేదు కాబట్టి ఓటు వద్దు అనలేదు. చదువు లేకపోయినా ఓటు వేసే దారి వెతికారు. ప్రభుత్వ బాధ్యత అంటే నా దృష్టిలో ఇదే.

పేరు చెప్పని తల్లులు

ఇంత చేసినా ఒకచోట పని ఆగిపోయింది. ఉత్తర, మధ్య భారతంలో చాలా ప్రాంతాల్లో ఇంటికొచ్చిన ఉద్యోగికి ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. పరాయివాడికి పేరు చెప్పడం ఆచారం కాదు. దాంతో జాబితా రాసేవాళ్లు "ఫలానావారి భార్య", "ఫలానావాడి తల్లి" అని రాసుకుపోయారు. ఎన్నికల సంఘం దీన్ని ఒప్పుకోలేదు. ఓటరు అంటే సొంత పేరున్న మనిషి, పేరు లేకుండా నమోదు చెల్లదు అంది. బీహార్‌లో పేర్లు సరిచేసుకోవడానికి ప్రత్యేకంగా ఒక నెల గడువు ఇస్తే మంచి ఫలితమే వచ్చింది. అయినా మొత్తం దేశంలో దాదాపు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో 28 లక్షల మంది పేర్లు చివరికి జాబితా నుంచి తొలగిపోయాయి.

ఇది సరైనదేనా? ఇక్కడ రెండు వైపులా వాదన ఉంది.

తొలగించడం తప్పనేవాళ్లు అంటారు: ఆ ఆచారాన్ని ఆ ఆడవాళ్లు పెట్టలేదు. తరతరాలుగా వాళ్ల మీద పడిన బరువు అది. ఆ బరువు మోస్తున్నందుకు ఓటు కూడా తీసేస్తే, బలహీనులకే రెండోసారి శిక్ష వేసినట్టు.

సరైనదే అనేవాళ్లు అంటారు: పేరు లేని జాబితాతో ఎవరి ఓటు ఎవరైనా వేసేయొచ్చు. అంతకంటే ముఖ్యంగా, "ఫలానావారి భార్య" అని ఒప్పుకుంటే, ఆమె భర్త ద్వారానే పౌరురాలు అని రాజ్యమే ముద్ర వేసినట్టవుతుంది. 325వ అధికరణ స్త్రీ పురుషులందరికీ ఒకే జాబితా అన్న మాటకు అర్థం ఉండదు.

రెండూ చదివాక నా అభిప్రాయం ఇది. నియమం సరైనది. కానీ 28 లక్షల తొలగింపును విజయంగా చెప్పుకోలేం. గడువిచ్చిన బీహార్‌లో ఫలితం వచ్చిందంటే, మిగతా చోట్ల కూడా ఇంకాస్త సమయం, ఇంకాస్త ఓపిక ఉంటే ఆ సంఖ్య తగ్గేదేమో. నియమం పెట్టడంతో ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. ఆ నియమాన్ని అందుకోవడానికి కష్టపడే మనిషి గుమ్మం దాకా రెండోసారి వెళ్లడం కూడా అందులో భాగమే. అయితే గుమ్మం దాకా ఎన్నిసార్లు వచ్చినా, పేరు చెప్పాల్సింది మాత్రం లోపలున్న మనిషే. ఆ పని ప్రభుత్వం చేయలేదు. పౌరుడి బాధ్యత మొదలయ్యేది అక్కడే.

పెట్టె మీద నమ్మకం

మన దగ్గర దీనికి ఇంకో కోణం ఉంది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద అప్పటికి నిషేధం ఉండటంతో వాళ్లు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధిక ఓట్లు తెచ్చుకున్నారు, నెహ్రూ కంటే కూడా ఎక్కువ. నిన్నటిదాకా తనతో పోరాడినవాళ్ల ఓట్లను కూడా రాజ్యం నిజాయితీగా లెక్కపెట్టింది. వాళ్లు కూడా తుపాకీ పక్కనపెట్టి పెట్టె దగ్గరికి వచ్చారు. ఏ ఒక్కరు తమ వంతు చేయకపోయినా ఇది జరిగేది కాదు.

మన సంగతి

51-ఎ లోని 11 విధుల్లో ఓటు వేయడం లేదు. ప్రిలిమ్స్‌లో దీన్ని ట్రాప్‌గా అడుగుతారని నేను బాగా బట్టీ పట్టాను. కానీ 2024 మే 13న, ప్రిలిమ్స్ దగ్గరపడిందని, బస్సులో ఒక రోజు పోతుందని, మా ఊరికి వెళ్లకుండా రూమ్‌లోనే కూర్చుని పాలిటీ రివిజన్ చేశాను. నా పేరు జాబితాలో ఉంది. బూత్ మా ఇంటికి రెండు వీధుల అవతల. ప్రభుత్వం తన వంతు చేసింది, నేను చేయలేదు. రేపు జిల్లాలో ఓటర్ల నమోదు చూసే ఉద్యోగం కోసం చదువుతూ నేను చేసిన పని అది. ఈ వ్యాసం రాసే ముందు ఫారం 8 నింపి, నా ఓటును నేనుండే చిరునామాకు మార్చమని దరఖాస్తు పెట్టాను.

చివరగా ఒక మనిషి గురించి. హిమాచల్ కొండల్లో మంచు కురిస్తే దారులు మూసుకుపోతాయని అక్కడ 1951 అక్టోబరు 25నే పోలింగ్ పెట్టారు. కల్పాకు చెందిన స్కూలు టీచర్ శ్యామ్ శరణ్ నేగి ఆ రోజు ఎన్నికల డ్యూటీలో ఉన్నారు. పొద్దున్నే తన ఓటు వేసి, తర్వాత డ్యూటీకి వెళ్లారు. 2022 నవంబరులో, చనిపోవడానికి మూడు రోజుల ముందు కూడా పోస్టల్ బ్యాలెట్‌తో ఓటు వేశారు. ఒకే రోజు ప్రభుత్వం పని, పౌరుడి పని రెండూ చేసిన మనిషి ఆయన. సార్ అడిగిన ఉదాహరణకు ముగింపుగా నేను ఆయన పేరే రాస్తాను.

ప్రాక్టీస్ ప్రశ్న: "హక్కును కల్పించడం వేరు, అందుకునేలా చేయడం వేరు." మొదటి సార్వత్రిక ఎన్నికల అనుభవం ఆధారంగా చర్చించండి. (250 పదాలు)