పిలిచి తెచ్చుకున్న బుంగ

వంటింటి గోడకు పందికొక్కు కన్నం పెడితే ఇల్లాలికి ఆ రాత్రి నిద్ర పట్టదు. గాజుపెంకులు కుక్కి, మట్టి మెత్తి, పైన సిమెంటు పూస్తేగాని మనసు కుదుటపడదు. అదే కన్నం చెరువు కట్టకో ఏటి గట్టుకో పడితే దాన్ని ‘బుంగ’ అంటారు. బుంగను చూసీ చూడనట్టు ఊరుకుంటే ‘గండి’ అవుతుంది. ఈ రెండు మాటల మధ్య దూరం ఒక్కోసారి ఒక్క రాత్రే!

మంచిర్యాల వాళ్ళకి ఈ మాటలు కొత్త కావు. ఊరి పక్కన గోదావరి, దానిలో కలిసే రాళ్ళవాగు, ఎగువన ఎల్లంపల్లి దగ్గర శ్రీపాద సాగర్. 2022 జూలైలో గోదావరి పొంగి, వాగు నీళ్ళు వెనక్కి ఎగదన్ని, పట్టణంలో కాలనీలకు కాలనీలే మునిగాయి. ఆ పాపం ఏ ప్రాణి బొరియకూ అంటగట్టనక్కరలేదు లెండి, అది భారీ వానల వరద. కాని నీళ్ళు అంతెత్తున లేచి గట్టును ఒరుసుకుంటున్నప్పుడు, ఆ గట్టు లోపల గట్టిగా ఉందా, బోలుగా ఉందా అన్నది ప్రాణం మీది సంగతి కదూ?

మన పెద్దలు దీన్ని ఏనాడో గుర్తించారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించిన ముచ్చట అందులో ఉంది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. అంతవరకే అయితే రాజుగారు గొప్పలు చెప్పుకున్నారు అనుకుందుము. కాని మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ కూడా శాసనం లెక్కపెట్టి చెప్పింది. ఆ దోషాలలో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? కట్టలోంచి నీరు ఊరడం!

అందుకే చెరువు కట్టడంతో పని అయిపోయిందనుకోలేదు వాళ్ళు. మరమ్మతు చూసుకునేవారికి ‘దశబంధం’ పేరుతో మాన్యాలు ఇచ్చేవారు. తెలంగాణ పల్లెల్లో నీరటి అనే గ్రామసేవకుడు ఉండేవాడు. తూము తీయడం, మూయడం, పొలాలకు నీళ్ళు పంచడం, కట్టను కనిపెట్టి ఉండడం అతని పని. ఎండ్రకాయ తొలిచినా, పందికొక్కు తవ్వినా బుంగను తవ్వి, మట్టి కూరి, కాలితో తొక్కి మూసేయాలి. దొరికిన ఎండ్రకాయ ఎలాగూ పులుసులోకి పోయేది. పైగా ఎండ్రకాయ ఈ నేల ప్రాణి. దాన్ని తినడానికి కొంగ ఉంది, నక్క ఉంది. అది పెరిగినా ఒక హద్దులో పెరిగేది.

హద్దు లేని ప్రాణి సంగతి చూడండి. అమెరికా దక్షిణాన లూసియానా బురదల్లో ఎర్ర క్రేఫిష్ అని ఒకటుంది. ముందు ఎండ్రకాయలా రెండు డెక్కలు, వెనక రొయ్యలా తోక. భారతదేశంలో క్రేఫిష్‌లు సహజంగా లేవు. అక్కడి నేలలో అది మామూలు ప్రాణే. దాన్ని లోకం మీదికి పంపింది మనుషులు. 1927లో జపాన్‌వాళ్ళు తెప్పించుకున్నారు. ఎందుకనుకున్నారు? తాము పెంచుకునే పెద్ద కప్పలకు మేతగా! జపాన్ నుంచి చైనాకు చేరింది. 1970లో కెన్యాలోని నైవాషా సరస్సులో వదిలారు. 1973, 74లలో స్పెయిన్‌లో వదిలితే గ్వాడల్‌క్వివిర్ నది పల్లపు వరిచేలల్లో పాకిపోయింది. 1976లో బ్రిటన్‌వాళ్ళు సిగ్నల్ క్రేఫిష్ అనే మరో రకాన్ని పెంపకానికి తెచ్చుకున్నారు. అది చెరువుల్లోంచి జారుకుని నదులు పట్టింది.

ఎండాకాలం తడి కోసం, శత్రువుల నుంచి దాక్కోవడం కోసం, గుడ్లు కాపాడుకోవడం కోసం ఎర్ర క్రేఫిష్ గట్టులో బొరియ తొలుస్తుంది. తల్లి వందల గుడ్లు తోక కింద పెట్టుకుని లోపల కూర్చుంటుంది. ఒక్క బొరియతో గట్టుకేమీ కాదు. పక్కపక్కన పదులకొద్దీ పడితే, పైన మట్టికి కింద ఆసరా పోయి పెళ్ళలు పెళ్ళలుగా నీళ్ళలోకి జారుతుంది. వరిచేను గట్టులాంటి సన్నని కట్ట అయితే ఇంకా చెడ్డ. నీరు లోపల దారి చూసుకుని, మట్టిని రేణువు రేణువుగా మోసుకుంటూ అవతలికి తేలుతుంది.

“పులుసు పెట్టుకుని తినేస్తే పోయె” అంటారేమో. చైనావాళ్ళు అదే చేశారు. తీరా రుచి మరిగాక, వరిమళ్ళలో వాళ్ళే పనిగట్టుకుని పెంచడం మొదలుపెట్టారు!

మనకెందుకీ గొడవ అనుకోకండి. క్రేఫిష్ కాకపోయినా దాని పని చేసే అతిథి మన ఇళ్ళలోంచే వెళ్ళింది. అక్వేరియం అద్దానికి అతుక్కుని పాచి నాకే నల్లచారల చేప ఉంటుందే, సక్కర్ చేప, అదే. పుట్టిల్లు దక్షిణ అమెరికా. కొన్నప్పుడు వేలెడంత, పోను పోను మూరెడవుతుంది. తొట్టి చాలదు. “పాపం అమ్మా, చెరువులో వదిలేద్దాం” అంటాడు పిల్లవాడు. మనమూ జాలిపడి వదిలేస్తాం. అక్కడ మగచేప గట్టును మీటరు లోతు దాకా తొలిచి, గుడ్లు పెట్టించి కాపలా కాస్తుంది. ముళ్ళకు వలలు చిరుగుతుంటే జాలరులు దీన్ని దెయ్యం చేప అని తిట్టుకుంటున్నారు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీళ్ళలోని జన్యు ఆనవాళ్ళు పరీక్షిస్తే, తూర్పు కనుమల్లో చూసిన జలాశయాలలో సగానికి పైగా దీని జాడ కనబడింది.

జాలి మంచిదే. చేపను తెచ్చిన దుకాణానికే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్న స్నేహితురాలికి ఇవ్వండి. చెరువులోకీ గోదావరిలోకీ మాత్రం వద్దు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకు చెప్పండి? ఒకప్పుడు కట్టను కనిపెట్టి ఉండడానికి నీరటి ఉన్నాడు. ఇప్పుడు ఆ పనిలో కొంత, పిల్లవాడి చేతిలోని ప్లాస్టిక్ సంచీని ఇంటి గుమ్మం దగ్గర ఆపే అమ్మది.