ఒక్కరోజు వేషం - దాని వెనుక చరిత్ర

అమెరికా వెళ్లివచ్చిన మన విశ్రాంత ఉద్యోగులు సాధారణంగా నయాగరా జలపాతం గురించో, అక్కడి రోడ్ల గురించో రాస్తుంటారు. నేను ఒక జాతర గురించి రాయదలిచాను. మా అమ్మాయి కుటుంబం టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ నగరం దగ్గర ఉంటుంది. అక్కడికి దక్షిణాన వాక్సహాచీ అనే ఊళ్లో 1981 నుండి స్కార్‌బరో రినైజాన్స్ ఫెస్టివల్ అనే ఉత్సవం జరుగుతోంది. ఏప్రిల్, మే నెలల్లో శని, ఆదివారాల్లో జరిపే ఈ ఉత్సవంలో 1533 నాటి ఇంగ్లండు పల్లెను, ఎనిమిదవ హెన్రీ రాజు కొలువును కళ్లకు కట్టిస్తారు.

మన ఊళ్లలో పగటి వేషగాళ్లు వేషం కడితే మనం చూసేవాళ్లం. అక్కడ చూడవచ్చినవాళ్లే చాలామంది వేషాలు కట్టుకుని వస్తారు. "తాతయ్యా, నువ్వు కూడా వేసుకోవాల్సిందే" అని మా మనవరాలు పట్టుబట్టింది. గేటు దగ్గర దుస్తులు అద్దెకిస్తారు. నాకు ముదురు ఎరుపు మఖమల్ కోటు, ఈక గుచ్చిన టోపీ, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు దొరికాయి. మే నెల ఎండలో ఆ మఖమల్ తొడుక్కుంటే చెమటతో తడిసి ముద్దయ్యాను. అయినా దారిలో ఎదురైన వాళ్లంతా తల వంచి "మై లార్డ్" అంటుంటే, ఉద్యోగకాలమంతా ఇతరులను "సార్" అన్న ఈ గుమాస్తాకు కొంచెం గర్వంగానే అనిపించింది. గుర్రపు రౌతులు బల్లేలతో ఢీకొనే పోటీ చూశాం. డేగలను ఎగరేసే ఆటా చూశాం. కత్తులు ధరించి వచ్చినవాళ్ల ఒరలకు తాళ్లు కట్టి, బయటకు తీయకుండా జాగ్రత్తపడుతున్నారు.

ఈ జాతరలు ఎలా మొదలయ్యాయని ఆ ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేశాను. కాలిఫోర్నియాలో ఫిలిస్ పాటర్సన్ అనే ఉపాధ్యాయురాలు తన ఇంటి పెరట్లో పిల్లల చేత పాతకాలపు ఇటాలియన్ హాస్య నాటకాలు వేయించేవారు. 1963 మే నెలలో ఆమె, భర్త రాన్ పాటర్సన్ కలిసి లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఇలాంటి మొదటి జాతర జరిపారు. శ్రోతల చందాలతో నడిచే ఒక రేడియో కేంద్రానికి విరాళాలు సేకరించడం దాని ఉద్దేశం. అక్కడి నుండి ఈ ముచ్చట అమెరికా అంతటా పాకింది.

అసలు నన్ను ఆలోచింపజేసింది మరొక సంగతి. నేను వేసుకున్న ఎరుపు మఖమల్‌ను ఆ కాలంలో నాబోటివాడు వేసుకోవడానికి వీల్లేదు. ఎవరు ఏ బట్ట కట్టాలో నిర్ణయిస్తూ సరిగ్గా ఆ 1533లోనే హెన్రీ రాజు పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఊదా రంగు పట్టు రాజకుటుంబానికే చెల్లు. ఎరుపు, నీలం మఖమల్ గొప్ప ప్రభువులకే. కింది తరగతులకు బట్ట వెలను బట్టి కూడా హద్దులు పెట్టారు. ఎలిజబెత్ రాణి 1574లో ఇలాంటి ఉత్తర్వే మళ్లీ జారీ చేసింది. అంతకుముందు 1571లో వచ్చిన చట్టం ప్రకారం ఆరేళ్లు దాటిన సామాన్యులు ఆదివారాల్లో, పండుగ రోజుల్లో ఇంగ్లండులో తయారైన ఉన్ని టోపీ పెట్టుకోవాలి. లేకుంటే రోజుకు 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. గొప్పింటివారికి మినహాయింపు ఉంది! ఆ టోపీల చట్టం 1597లో, దుస్తుల చట్టాలు 1604లో రద్దయ్యాయి.

తరువాత ఈ కథ మన తీరానికీ వచ్చింది. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మచిలీపట్నం చేరింది. మన అద్దకం బట్టలు ఇంగ్లండు ఆడవాళ్లకు ఎంతగా నచ్చాయంటే, అక్కడి నేతగాళ్లు 1719లో వీధుల్లో వాళ్ల ఒంటిమీది గౌన్లు చింపారు. 1721లో అద్దకం నూలుబట్టలు ధరించడాన్నే చట్టం చేసి నిషేధించారు.

ఆ రోజు మధ్యాహ్నం రాజుగారి ఊరేగింపు వచ్చింది. అందరూ నవ్వుతూ వంగి దండం పెట్టారు. నేనూ వంగాను. వంగినప్పుడు నా బూట్లు కనబడ్డాయి, మా నాన్నగారు గుర్తుకొచ్చారు. 1948కి ముందు, నిజాం రాజ్యంలో, మా ఊరి దొర గడీ ముందు నుండి పోవాలంటే ఆయన చెప్పులు విడిచి చేతబట్టుకుని నడిచేవారు. తలపాగా తీసి చంకలో పెట్టుకునేవారు. ఇది ఏ పార్లమెంటు చేసిన చట్టమూ కాదు, ఎక్కడా కాగితం మీద లేదు. అయినా తప్పినవాడికి శిక్ష తప్పేది కాదు. నాకు ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో ఆయనకు కొనిచ్చింది ఒక జత తోలు చెప్పులు. వాటితోనే ఆయన ఆ గడీ ముందు నుండి రెండుసార్లు, అవసరం లేకపోయినా, అటూ ఇటూ నడిచి వచ్చారు.

సాయంత్రం అద్దె దుస్తులు తిరిగి ఇచ్చేశాం. కారులో మా మనవరాలికి ఈ సంగతి చెప్పాను. "ముత్తాత చెప్పులు వేసుకునే నడవొచ్చు కదా తాతయ్యా, ఎందుకు నడవలేదు?" అని అడిగింది. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను. ఆ పిల్లకు అది నమ్మశక్యంగా లేదు. నమ్మలేకపోవడం నాకు సంతోషం కలిగించింది.

మిత్రులారా, మనలో చాలామంది ఇళ్లలో ఇలాంటి చెప్పుల కథో, తలపాగా కథో, పైగుడ్డ కథో ఉంటుంది. మన తరం పోతే వాటిని చెప్పేవారుండరు. ఈ సెలవుల్లో మనవలు వచ్చినప్పుడు ఒక్కటైనా చెప్పండి.