నాలుగేళ్ల కొలువు, నాలుగు రోజుల యుద్ధం

కుప్పం దగ్గరి గుడుపల్లె స్టేషన్లో బెంగళూరు బండెక్కే కూలీల కంటే ముందే నిద్రలేచేవాళ్లు మా వైపు కొందరున్నారు. పాలవ్యాను రాకముందే, చీకట్లో తారురోడ్డు మీద పరుగెత్తే పిల్లలు. ఆర్మీ ర్యాలీలో 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు. ఆ తర్వాత పది పుల్లప్స్ తీయాలి, తొమ్మిదడుగుల గొయ్యి దూకాలి. ఒకడు పరుగెడుతుంటే ఇంకొకడు సెల్‌ఫోన్ పట్టుకుని టైము చూస్తుంటాడు. వాళ్లను చూసినప్పుడల్లా ఈ మధ్య నాకు కల్లి తండా గుర్తొస్తోంది.

కల్లి తండాది శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం. అమ్మను ‘యాడీ’ అని పిలుచుకునే లంబాడీ పల్లె. వానను నమ్ముకుని వేరుశనగ వేసి, అది ఎండిపోతే మూటాముల్లె సర్దుకునే నేల అది. మా కుప్పం వాళ్లు పొద్దున బెంగళూరు వెళ్లి రాత్రికి ఇల్లు చేరతారు. అక్కడివాళ్లు ముంబయి వెళితే మళ్లీ వచ్చేది పండక్కో, చావుకో. సరిహద్దులో నేలకొరిగిన ఆ తండా సైనికుడు మురళీ నాయక్ అమ్మానాన్నలు అలా ముంబయిలో కూలి చేసి బతికినవాళ్లే. వాళ్లకు ఒక్కగానొక్క కొడుకు. అతని బడి సోమందేపల్లిలో. కన్నవాళ్లు ఒకచోట, కొడుకు చదువు ఇంకోచోట. వలస ఇళ్లలో ఇది ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోరు. ఫోన్లోనే పెంచుతారు, ఫోన్లోనే మందలిస్తారు.

ఇరవై ఏళ్లు దాటీదాటగానే ముగిసిన జీవితాన్ని వెతుక్కుంటూ వెళితే దొరికేది కొంచెమే. ఆస్తి కాగితాలుండవు, పెళ్లి ఫొటోలుండవు. ఒక బడి, ఒక ర్యాలీ, ఒక యూనిఫాం. మురళి కథలో మలుపు తిప్పింది ఆ ర్యాలీయే.

2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. నాలుగేళ్లు సైన్యంలో అగ్నివీరుడిగా పనిచేయాలి. గడువు తీరాక నూటికి పాతికమందికి మించి ఉంచుకోరు, మిగతావాళ్లు ఇంటిదారి పట్టాలి. మొదటి ఏడాది జీతం నెలకు 30 వేలు. అందులో చేతికొచ్చేది 21 వేలు, మిగతాది సేవానిధి అనే పొదుపులోకి. పింఛను లేదు. మూడు రోజులకే, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఓ యువకుడు నేలకొరిగాడు. కానీ ర్యాలీలు మొదలయ్యాక మన పిల్లలు మళ్లీ వరుసల్లో నిలబడ్డారు. దీన్ని తప్పని నేననను. నాలుగేళ్ల కొలువైనా సరే, ఆ ఆకుపచ్చ బట్టల్లో ఒక్కసారి ఊళ్లోకి రావాలన్న కోరిక ఎంత బలమైందో పల్లెలో పుట్టినవాళ్లకే తెలుసు. మురళికీ అదే కోరిక. అగ్నివీరుడయ్యాడు, ఫిరంగి దళంలో చేరాడు. శిక్షణ నాసిక్‌లో. అమ్మానాన్నలు కూలి చేసుకునే ముంబయి అక్కడికి ఒక పూట ప్రయాణమే.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. మే 6 అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ప్రాంతంలో భారత సైన్యం పాకిస్తాన్‌లో, ఆక్రమిత కశ్మీర్‌లో తొమ్మిది ఉగ్రస్థావరాలను కొట్టింది. ఆపరేషన్ సిందూర్ అలా మొదలైంది. తెల్లారేసరికి నియంత్రణ రేఖ అవతలినుంచి ఫిరంగులు మోగాయి. పూంచ్‌లో ఇళ్లమీద గుండ్లు పడ్డాయి.

మే 8 రాత్రి సంగతి సైన్యమే మర్నాడు చెప్పింది. లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్ల, మూడు నాలుగు వందల పాకిస్తాన్ డ్రోన్లు. మనం ఇక్కడ టీవీల ముందు కూర్చుని ఆకాశంలో మెరుపులు చూస్తున్నాం. వాటిని చూపిస్తూ యాంకర్లు అరుస్తున్నారు. సరిహద్దులో ఉన్నవాడికి ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవలసిందే. ఎర్రమట్టి నేలలో పెరిగిన పిల్లవాడు. చుట్టూ కొండ, చలి, చీకటి. గుండు ఎక్కడ పడుతుందో పడేదాకా తెలియదు. కూత వినబడితే తల వంచాలి, వినబడకపోతే ఇక వంచే పనే ఉండదు. అన్నం తిన్నాడో లేదో. ఇంటికి ఏమని చెప్పి ఫోన్ పెట్టేశాడో. కొడుకు సైన్యంలో ఉన్న ఇంట్లో ఎవరినడిగినా ఒకే మాట చెబుతారు: వాడెప్పుడూ ‘బాగున్నాను’ అనే అంటాడని.

మే 9 శుక్రవారం. నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో అగ్నివీర్ మురళీ నాయక్ ప్రాణాలొదిలాడన్న కబురు కల్లి తండాకు చేరింది.

మర్నాడు, శనివారం మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు పాకిస్తాన్ సైనికాధికారి మన సైనికాధికారికి ఫోన్ చేశాడు. సాయంత్రం 5 గంటలనుంచి కాల్పులు ఆపాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈ రెండు సమయాలూ చదివినప్పుడల్లా నా చెయ్యి అక్కడే ఆగిపోతుంది. ఒక్క రోజు. ఇంకొక్క రోజు గడిచుంటే ఆ పిల్లవాడు సెలవు పెట్టుకుని, చేతిలో నల్ల ట్రంకుపెట్టెతో గోరంట్ల బస్టాండులో దిగేవాడేమో.

ఆదివారం, మే 11. త్రివర్ణ పతాకం చుట్టిన పెట్టె చుట్టూ తండా పట్టనంత జనం. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, మంత్రి నారా లోకేశ్ వచ్చారు. సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, ఐదెకరాల పొలం, 300 గజాల ఇంటిస్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. అదే రోజు ఢిల్లీలో సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ రాజీవ్ ఘాయ్ విలేకరుల ముందు నేలకొరిగిన ఐదుగురు సాయుధ దళాల సోదరులకు నివాళులర్పించారు.

ఇలాంటి ఆదివారం మా మదనపల్లె వైపు కూడా వచ్చింది. 2021 డిసెంబర్ 12. కురబలకోట మండలం ఎగువ రేగడ నుంచి సైన్యంలో చేరిన లాన్స్‌నాయక్ సాయితేజ, త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌కు అంగరక్షకుడయ్యాడు. డిసెంబర్ 8న సూలూరు నుంచి వెల్లింగ్టన్ వెళ్తున్న వాళ్ల హెలికాప్టర్ కూనూరు కొండల్లో పొగమంచులో కూలింది. అందులో ఉన్నవాళ్లు 14 మంది, ఒక్కరూ మిగల్లేదు. సాయితేజను గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్ష చేయాల్సి వచ్చింది. నాలుగు రోజులు ఆ ఇల్లు ఎలా ఎదురుచూసిందో, బెంగళూరు నుంచి చింతామణి దారిలో వస్తున్న బండి కోసం రోడ్డు పక్కన జనం పూలు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డారో ఈ ప్రాంతంలో మరిచినవాళ్లు లేరు. అందుకే మురళి వార్త విన్నప్పుడు మాకు అది పక్క జిల్లా సంగతి అనిపించలేదు.

అయితే ఒక తేడా ఉంది. యుద్ధంలో పోయిన రెగ్యులర్ సైనికుడి భార్యకు, పెళ్లికాని వాడైతే తల్లిదండ్రులకు నెలనెలా పింఛను వస్తుంది. అగ్నివీరుడి ఇంటికి అది లేదు. బీమా 48 లక్షలు, విధి నిర్వహణలో పోతే 44 లక్షల పరిహారం, మిగిలిన కాలానికి జీతం, సేవానిధి ఇస్తారు. చిన్న మొత్తమేమీ కాదు. కానీ డబ్బు ఒకసారి చేతికొచ్చి ఆగిపోతుంది. పింఛను అలా కాదు, ప్రతి నెలా బ్యాంకు పుస్తకంలో ‘మీ అబ్బాయి సైనికుడు’ అని రాసిపెడుతుంది. ముసలితనంలో కొడుకు పంపే మనియార్డరు లాంటిది. అవతలినుంచి వచ్చిన గుండు నాలుగేళ్ల కొలువు వాడెవడు, పదిహేనేళ్ల కొలువు వాడెవడు అని చూసి పడదు. మరి మనమెందుకు చూస్తున్నాం? ఈ తేడా తీసేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నాకంటే ముందే ఆ మాట అడిగినామె ఉంది. 2025లోనే మురళి తల్లి బొంబాయి హైకోర్టులో పిటిషన్ వేసింది. అగ్నివీరులు మిగతా సైనికులు చేసే పనే చేస్తున్నారు, అదే ప్రమాదానికి ఎదురు నిలుస్తున్నారు, మరి వాళ్ల కుటుంబాలకు పింఛను ఎందుకు లేదని ఆమె ప్రశ్న. కొడుకును చదివించడానికి ఏళ్ల తరబడి కూలి చేసింది ఆ ముంబయిలోనే. ఇప్పుడు ఆ కొడుకు కోసం కోర్టు మెట్లెక్కిందీ ఆ ఊళ్లోనే.