నోటు వెనక చెల్లు

పాత ప్రామిసరీ నోటు ఎక్కడైనా దొరికితే ముందు దాని వెనకవైపు చూడండి. ఐదు రూపాయలు చెల్లు, పది రూపాయలు చెల్లు అని ఓ వరస, కింద సంతకమో వేలిముద్రో. మా విజయనగరం వైపు నేను చూసిన నోట్లలో ముందువైపు కన్నా వెనకవైపే కిక్కిరిసి ఉండేది.

చూడ్డానికి రసీదులా ఉంటుంది గానీ దాని పని వేరు. నోటుకి మూడేళ్ళలో కాలదోషం పడుతుంది, ఆ తర్వాత దావా వేసినా కోర్టు కొట్టేస్తుంది. గడువు లోపల బాకీదారు ఐదు రూపాయలు కట్టి వెనక సంతకం పెట్టాడా, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. ఐదు రూపాయలతో అప్పుకి ఆయుష్షు పోసినట్టే.

ఈ మూడేళ్ళ లెక్క 1859 లిమిటేషన్ చట్టంతో వచ్చింది. వడ్డీ ఏళ్ళ తరబడి పేరుకోకుండా ఆపాలన్నది ఉద్దేశం. జరిగింది తిరకాసు. మూడేళ్ళు నిండేలోపే షావుకారు రైతుని పిలిపించి, అసలూ వడ్డీ కలిపి కొత్త అసలుగా ఇంకో కాగితం రాయించుకునేవాడు. 1875లో పూనా జిల్లా సూపాలో రైతులు షావుకార్ల ఖాతాపుస్తకాలూ బాండ్లూ తగలబెట్టడం వెనక ఈ తిరగరాతలూ ఉన్నాయి. దాంతో 1879 దక్కన్ రైతుల చట్టం అక్కడ గడువుని పెంచింది! రైతు మేలు కోసమే తగ్గించి, రైతు మేలు కోసమే పెంచారన్నమాట.

మన కొండల మీద సంగతి ఇంకా ముదిరింది. 1917లో మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకి వేరే చట్టం చేసింది. కొండజాతుల అప్పుల మీద వడ్డీ 24 శాతం దాటకూడదు, చక్రవడ్డీ కూడదు, మొత్తం వడ్డీ అసలుని మించకూడదు. ఇంతకన్నా ఏం కావాలి? కానీ చదువు రాని సవరకి, జాతాపుకి, తను వేసిన వేలిముద్ర దేనికో ఎవరు చెప్తారు? 'కన్యాశుల్కం' గిరీశమైతే ఫొటో బాకీ అడగొచ్చిన నౌకరుని మాటలతోనే సాగనంపగలడు. ఆయనకి ఇంగ్లీషుంది.

1968 నవంబరు 25న పార్వతీపురం ఏజెన్సీలోని పెదగొట్టిలిలో సుమారు 250 మంది గిరిజనులు ఒక భూస్వామి ఇంటి మీద పడ్డారు. ఆయన వడ్డీవ్యాపారి కూడా. ధాన్యం పట్టుకెళ్ళారు, దాంతోపాటు ప్రామిసరీ నోట్లూ అప్పు కాగితాలూ. శ్రీకాకుళం ఉద్యమం అనగానే మనకి తుపాకులే గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ కాగితాలే ముఖ్యమనిపిస్తాయి. గడువు తీరిన నోటేదో, చెల్లు పడి బతికున్న నోటేదో అక్కడ కూర్చుని ఏరేదెవరు? అన్నీ పోవాల్సిందే.

ఇప్పుడు మన క్రెడిట్ కార్డు బాకీకీ 1963 లిమిటేషన్ చట్టం కింద మూడేళ్ళే. "ఓ వెయ్యయినా కట్టండి సార్" అని రికవరీ ఏజెంటు ఫోను చేస్తాడు చూడండి, అది పాత చెల్లుకి మనవడు. గడువు లోపల బాకీ ఉందని రాసి సంతకం పెడితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. గడువు దాటాక ఉత్తినే వెయ్యి కట్టినంత మాత్రాన రాదు. కానీ మిగతాది ఇస్తానని రాసి సంతకం చేశారో, 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది కొత్త ఒప్పందం. అప్పు చచ్చిపోదు, కోర్టు తలుపు మూసుకుంటుందంతే. ఫోన్లకి ఆ తలుపుతో పనిలేదు. ఉదయం 8కి ముందూ సాయంత్రం 7 తర్వాతా చెయ్యొద్దని మాత్రం 2022లో రిజర్వు బ్యాంకు చెప్పింది.