గండిపేట చుట్టూ పది కిలోమీటర్లు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేలమంది కొట్టుకుపోయారు. మళ్లీ అంతటి గండం రాకూడదని, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్‌ను (1920), ఈసీ నది మీద హిమాయత్ సాగర్‌ను (1927) కట్టారు. వరదను ఆపడానికి తలపెట్టిన ఈ జంట జలాశయాలు దశాబ్దాల తరబడి నగరం దాహం కూడా తీర్చాయి.

ఫ్యాక్టరీలు నీళ్లను ఏం చేయగలవో పటాన్‌చెరు చూపించింది. 1970లలో అక్కడికి పరిశ్రమలు వచ్చింది మెదక్ వెనకబడిన జిల్లా కాబట్టి, రాయితీలున్నాయి కాబట్టి, పైగా రాజధాని పక్కనే కాబట్టి. పక్కనున్న నక్కవాగు చివరికి మంజీర నదిలో కలుస్తుందన్న సంగతి ఆ లెక్కల్లోకి రాలేదు. వాగు చెడింది, బావులు చెడ్డాయి. రైతుల గోడు 1990 నాటికి సుప్రీంకోర్టుకెక్కింది.

జంట జలాశయాలకూ అదే గతి పట్టకుండా 1994లో ప్రభుత్వం వాటికి పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు పెట్టొద్దంది. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 దాన్నే 84 గ్రామాలకు ఖాయం చేసింది. మధ్యలో, 1995లో, ఒక కంపెనీ శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో భూమి కొన్నది. ఆముదం నుంచి రసాయనాలు తీయాలని దాని ఉద్దేశం. వాడి పారేసే నికెల్ కూడా వ్యర్థాల్లో ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి కాదంది. ప్రభుత్వం మాత్రం, తాను పెట్టిన నిషేధం నుంచి తానే ఆ కంపెనీకి మినహాయింపు ఇచ్చింది! యంత్రాలు ఆధునికమన్న వాదన విని అప్పీలు అధికారి ఒప్పుకున్నారు, హైకోర్టూ ఒప్పుకుంది.

సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1999 జనవరి 27న జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన తీర్పు వాదాన్ని తిరగేసింది. హాని జరుగుతుందని జనం రుజువు చేయనక్కర్లేదు, జరగదని ఫ్యాక్టరీ పెట్టేవారే చూపించాలి. 2000 డిసెంబరులో వచ్చిన తుది తీర్పు ఆ మినహాయింపునూ కొట్టేసింది. యంత్రం ఎంత గొప్పదన్నది కాదు, అది ఒక్కసారి మొరాయిస్తే ఎందరి నీళ్లు పోతాయన్నదే స్థలం ఎంపికకు అసలు కొలత. ఇంత తేలికైన మాట తేలడానికి అయిదేళ్లు పట్టింది.

పర్యావరణ వివాదాల్లో జడ్జీల పక్కన శాస్త్రవేత్తలూ కూర్చోవాలని కూడా 1999 తీర్పు సూచించింది. తరవాత లా కమిషన్ చైర్మన్‌గా జగన్నాధరావే 2003 నివేదికలో పర్యావరణ కోర్టులు కావాలన్నారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. హాని రుజువయ్యే దాకా ఆగకుండా ముందే జాగ్రత్త పడాలన్న ముందుజాగ్రత్త సూత్రాన్ని పాటించాలని ఆ చట్టంలోనే రాశారు.

2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో జీవో 111 ఆంక్షలను ఎత్తేసింది, జలాశయాల నీటి నాణ్యత చెడకూడదన్న షరతు పెట్టి. కాగితం మీది షరతు కంటే నేల మీది పది కిలోమీటర్లు గట్టి కాపలా.