ఒక్కొక్క ఆటగాడూ ఒక్కో లెక్క

పిల్లల చేతికి గాలపు రీళ్లు ఇచ్చి ఎవరెంత వేగంగా తిప్పుతారో చూసిన ప్రయోగంతోనే క్రీడా మనస్తత్వశాస్త్రం మొదలైందని అంటారు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో నార్మన్ ట్రిప్లెట్ చేసిన ఆ ప్రయోగం 1898లో అచ్చయింది. సైకిల్ పందెగాళ్లు ఒంటరిగా తొక్కినప్పటి కంటే పక్కన పోటీదారు ఉన్నప్పుడు వేగంగా తొక్కుతున్నారని రికార్డుల్లో గమనించి, కారణం తేల్చడానికి ఆయన ఈ రీళ్లు బిగించాడు. పోటీ ఉంటే మనిషి చురుగ్గా పనిచేస్తాడన్న సారాంశమే తరువాతి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆయన పట్టికలు చూస్తే కథ అంత సూటిగా లేదు. 40 మంది పిల్లల్లో 20 మంది పోటీలో వేగం పెంచారు. 10 మంది కంగారుపడి వెనకబడ్డారు. మిగిలిన 10 మందిలో పెద్ద తేడా ఏమీ లేదు. ఆ కంగారుపడ్డ పదిమందిని సగటు మింగేసింది. జట్టు ఆటల్లో మనిషిని మనిషిగా అర్థం చేసుకునేందుకు జరిగిన ప్రయత్నాల చరిత్రంతా నాకు ఆ పదిమంది కోసం సాగిన వెతుకులాటే.

1925లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్‌మన్ గ్రిఫిత్ క్రీడా పరిశోధనశాల తెరిచాడు. ఆటగాళ్లు ఎంత త్వరగా స్పందిస్తారో కొలవడంతో ఆగకుండా, పేరున్న కోచ్‌లకు ఉత్తరాలు రాసి వాళ్ల పద్ధతులు అడిగేవాడు. నోటర్ డేమ్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును నడిపిన క్నూట్ రాక్నీ ఆవేశపు ప్రసంగాలకు పేరుమోసినవాడు. ఆయన ఇచ్చిన జవాబు మాత్రం వేరుగా ఉంది: కుర్రాళ్లను రెచ్చగొట్టడం ఎప్పుడో గానీ చేయననీ, ఆట మీద ప్రేమతో ఆడేవాళ్లనే ఏరుకుంటాననీ. 1938లో షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు యజమాని ఫిలిప్ రిగ్లీ గ్రిఫిత్‌ను పనిలోకి తీసుకున్నాడు. మేనేజర్ చార్లీ గ్రిమ్‌కు ఇది అసలు గిట్టలేదు. గ్రిఫిత్ ఒక్కొక్క ఆటగాడి గురించీ రాసి ఇచ్చిన నివేదికలు చాలావరకు మూలన పడ్డాయి. ఆటగాళ్లను నిజంగా తెలుసుకున్నది ఎవరు, మైదానంలో పుట్టి పెరిగినవాడా, కొలతలు తీసినవాడా అన్న తగవు అప్పుడు మొదలై చాలా కాలం నడిచింది.

ఈ రెంటినీ కలుపుకున్న మనిషి హైదరాబాదులో ఉన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసి, హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయ్యాడు. 1950 నుంచి 1954 దాకా ఆ జట్టు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవాడు. ఎవరిలో ఏ లోటు ఉందో అక్కడ దాచుకోవడం కుదరదు.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన చూపు ఎంత నిశితమో తెలిసింది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు థాయిలాండ్ మ్యాచ్‌లో తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే అతన్ని పక్కన కూర్చోబెట్టేవాడు. ఆ ధైర్యం, ఆ శరీరం రెండూ ముందు వరసలో పనికొస్తాయని రహీం లెక్కవేసి, అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. గ్రూపు దశలో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియాయే ఫైనల్లో ఎదురైంది. గాలిలో వచ్చే బంతులను అందుకోవడానికి పొడగరి పీటర్ తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టాడు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాదే రహీం క్యాన్సర్‌తో చనిపోయాడు. మన దేశంలో ఆటగాడిని చదవడం ఎరిగిన కోచ్‌ల గురించి రాస్తే మొదటి పేరు ఆయనదే కావాలని నా గట్టి నమ్మకం.

అమెరికాలో అదే దశాబ్దంలో గాలి ప్రశ్నపత్రాల వైపు తిరిగింది. శాన్ హోసే స్టేట్‌లో పనిచేసిన బ్రూస్ ఓగిల్వీ, థామస్ టట్కో 1966లో ఇబ్బంది పెట్టే ఆటగాళ్లను ఎలా సంభాళించాలో చెబుతూ పుస్తకం రాశారు. తరువాత వాళ్లు తెచ్చిన పరీక్ష పట్టుదల, దూకుడు, ఆత్మవిశ్వాసం, కోచ్ మాట వినే గుణం వంటి లక్షణాలకు మార్కులు వేసేది. ఎన్నో జట్లు దాన్ని కొనుక్కున్నాయి. కోచ్‌ల గదిలోకి మనస్తత్వశాస్త్రాన్ని తెచ్చిన మేలు వాళ్లదే, కాదనను. అయితే ఆ మార్కులు చూసి ఎవరు రాణిస్తారో చెప్పవచ్చన్న ఆశ పరిశోధనలో నిలవలేదు. బల్ల ముందు కూర్చుని తాను ధైర్యవంతుడినని గీత పెట్టిన కుర్రాడు చివరి నిమిషం పెనాల్టీ దగ్గర ఏం చేస్తాడో కాగితం చెప్పదు. స్వభావాన్నీ సందర్భాన్నీ కలిపి చూడాలని 1970లలో రైనర్ మార్టెన్స్ లాంటివారు వాదించారు.

అదే కాలంలో లెనిన్‌గ్రాడ్‌లో యూరీ హానిన్ సోవియట్ క్రీడాకారుల ఆందోళనను పోటీకి ముందు కొలుస్తున్నాడు. అందరికీ మధ్యస్థమైన ఉద్వేగమే మంచిదన్న పాత సూత్రం ఆయన లెక్కల్లో నిలబడలేదు. కొందరు ప్రశాంతంగా ఉన్నప్పుడు బాగా ఆడారు, కొందరు గుండెలు దడదడలాడుతున్నప్పుడే. ఎవరి హద్దులు వారివి. ఇక మన దేశం నుంచి కెనడా వెళ్లిన ప్యాకియనాథన్ చెల్లదురై 1978లో ప్రశ్నను కోచ్ వైపు తిప్పాడు: సందర్భం కోరే నడత, ఆటగాళ్లు ఇష్టపడే నడత, కోచ్ నిజంగా నడుచుకునే తీరు, ఈ మూడూ ఎంతవరకు కలుస్తున్నాయి? నాకు ఇది పెద్ద మలుపుగా తోస్తుంది. అంతవరకు తూకం వేయించుకున్నది ఆటగాడు ఒక్కడే.

నాయకుడే ఆటగాడిని బట్టి తన నడత మార్చుకోవడాన్ని 1981లో హెడింగ్లీ క్రికెట్ టెస్టులో ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ బ్రియర్లీ ఆచరణలో చూపించాడు. బాబ్ విల్లిస్‌కు నోబాల్స్ సంగతి మరిచిపోయి వేగంగా వేయమన్నాడు. కెప్టెన్సీ పోయి కుంగి ఉన్న ఇయాన్ బోథమ్‌ను మాత్రం ఎగతాళి చేస్తూ కవ్వించాడు. బోథమ్ 149 నాటౌట్, విల్లిస్ 43 పరుగులకు 8 వికెట్లు. ఫాలోఆన్ ఆడిన జట్టు 18 పరుగులతో గెలిచింది. బ్రియర్లీ ఆ తరువాత మనోవిశ్లేషకుడయ్యాడు.

పెద్ద మైదానాల కథలు ఎక్కువమందికి చేరతాయి గానీ, నన్ను కదిలించేది వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మాల్ పిల్లల బేస్‌బాల్ జట్లతో చేసిన పని. తప్పు చేసినప్పుడు తిట్టకుండా ధైర్యం చెప్పి, ఎలా సరిదిద్దుకోవాలో చూపడం కోచ్‌లకు నేర్పారు. అందరికంటే ఎక్కువ మేలు పొందింది తమపై తమకు నమ్మకం తక్కువున్న పిల్లలు. 1992లో అచ్చయిన అధ్యయనంలో ఆ శిక్షణ లేని కోచ్‌ల దగ్గర మరుసటి ఏడాదికి 26 శాతం పిల్లలు ఆట మానేశారు. శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర మానేసింది 5 శాతమే. రెండు గుంపుల జట్ల గెలుపోటముల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.